క్యాన్సర్ చికిత్స ముగిసింది – మళ్ళీ తిరగబెడుతుందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుండి ప్రతి సంవత్సరం ఎంతోమంది క్యాన్సర్ చికిత్స కోసం వేలూరుకో, తిరుపతికో, బెంగళూరుకో వెళ్తారు. ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ అయ్యాక డాక్టరుగారు, "ఇక ఇంటికి వెళ్ళండి, మూడు నెలల తర్వాత వచ్చి చూపించుకోండి" అంటారు. ఆ మాట కోసం నెలల తరబడి ఎదురుచూసిన కుటుంబం సంతోషంగా ఇంటికి వస్తుంది. బంధువులు వచ్చి చూసి వెళ్తారు. ఆ సందడి సద్దుమణిగాక, ఒక రాత్రి నిద్ర పట్టనప్పుడు, ఆ అమ్మకో, అయ్యకో ఒక ప్రశ్న మొదలవుతుంది: "ఇది మళ్ళీ తిరగబెడుతుందా?"

ఈ ప్రశ్నను చాలామంది బయటికి అడగరు. ఇంట్లోవాళ్ళు బాధపడతారని రోగి అడగడు. రోగి బాధపడతాడని ఇంట్లోవాళ్ళు అడగరు. అందరి మనసులో ఉన్నా ఎవరి నోటా రాని ఈ ప్రశ్న గురించే ఈ వ్యాసం. చికిత్స తర్వాత ఆరోగ్యంగా ఎలా జీవించాలి, ఏ లక్షణాలను గమనించాలి, భయాన్ని ఎలా ఎదుర్కోవాలి, ఒకవేళ వ్యాధి తిరిగి వస్తే ఏమి చేయాలి అనే విషయాలు ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

ఒకప్పుడు క్షయ, నేడు క్యాన్సర్

మన ప్రాంతంవారికి ఇలాంటి భయం కొత్తది కాదు. వందేళ్ళ క్రితం "క్షయ" అన్న మాట వింటేనే జనం వణికిపోయేవారు. ఆ రోజుల్లో పలు మిషన్లు కలిసి నెలకొల్పిన క్షయ వైద్యశాల 1915 నుండి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పనిచేసింది. డెన్మార్క్ దేశానికి చెందిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి సారథి. అప్పటికి క్షయకు సరైన మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారం, క్రమం తప్పని పరిశీలన, ఇవే వైద్యం. నెలల తరబడి అక్కడ ఉండి కోలుకుని ఇంటికి వెళ్ళినవారికి కూడా ఇదే ప్రశ్న ఉండేది: మళ్ళీ వస్తుందా? ఊరు నన్ను దగ్గరికి రానిస్తుందా?

ఇప్పుడు క్షయ అంటే ఆరు నెలలు మందులు వాడి నయం చేసుకునే జబ్బు. భయం తగ్గింది, వెలివేత తగ్గింది. క్యాన్సర్ విషయంలో మనం ఇంకా ఆ దారి మధ్యలో ఉన్నాం. క్షయలాగా క్యాన్సర్ ఒకరి నుండి ఒకరికి అంటుకోదు. అయినా కొన్ని ఇళ్ళలో కోలుకున్నవారికి కంచం, గ్లాసు వేరుగా పెడుతున్నారు. ఇది ఎంతమాత్రం అవసరం లేదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కమీద పడుకున్నా, మనవళ్ళను ఎత్తుకుని ముద్దాడినా క్యాన్సర్ రాదు.

తిరగబెట్టడం అంటే ఏమిటి?

వేరుశనగ చేనులో గరిక తీసే రైతుకు ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. పైన కనిపించే గరికంతా పీకేసినా, కంటికి కనిపించని చిన్న వేరుముక్క నేలలో మిగిలితే, అది వాన పడ్డాక మళ్ళీ చిగురిస్తుంది. క్యాన్సర్ కూడా అంతే. ఆపరేషన్‌లో గడ్డను తీసివేసినా, స్కానింగులో కూడా కనిపించనంత చిన్న కణాలు కొన్ని మిగిలి ఉండవచ్చు. వాటిని చంపడానికే కీమోథెరపీ, రేడియేషన్ ఇస్తారు. చాలామందిలో అవి పూర్తిగా నశిస్తాయి. కొంతమందిలో కొన్ని కణాలు నిద్రపోయినట్టు ఉండి, తర్వాత పెరుగుతాయి. దీనినే తిరగబెట్టడం అంటాము.

ఇది మూడు విధాలుగా జరుగుతుంది. మొదటిది, ఇంతకు ముందు వచ్చిన చోటనే రావడం. రెండవది, దాని దగ్గరి లింఫ్ గ్రంథులలో రావడం, అంటే చంకలోనో మెడలోనో బిళ్ళలు కట్టడం. మూడవది, ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు వంటి దూరపు అవయవాలలో కనిపించడం. మొదటి రెండు రకాలను త్వరగా గుర్తిస్తే చాలామందికి మళ్ళీ నయం చేసే ఉద్దేశంతోనే వైద్యం చేయవచ్చు. అందుకే పరీక్షలకు రమ్మని డాక్టర్లు అంతగా చెప్తారు.

ఎవరికి తిరిగి వస్తుంది, ఎవరికి రాదు అనేది వ్యాధి రకం, గుర్తించినప్పటి దశ, చికిత్స పూర్తిగా తీసుకున్నారా లేదా అనే వాటిమీద ఆధారపడుతుంది. నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తిరిగి వస్తే ఎక్కువగా మొదటి రెండు మూడు సంవత్సరాలలోనే వస్తాయి. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లు పదేళ్ళ తర్వాత కూడా రావచ్చు. కాబట్టి పక్కింటివారికి జరిగినదే మీకూ జరుగుతుందని అనుకోకండి. మీ రకం ఏది, మీ దశ ఏది అని మీ డాక్టరునే అడగండి. అడగడం మీ హక్కు.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. వ్యాధి తిరగబెట్టినంత మాత్రాన అది రోగి చేసిన తప్పు కాదు. "సరిగ్గా తినలేదు, దిగులు పడింది, అందుకే వచ్చింది" అని ఎవరైనా అంటే నమ్మకండి. అన్ని జాగ్రత్తలు పాటించినవారిలో కూడా తిరిగి రావచ్చు. జాగ్రత్తలవల్ల ప్రమాదం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. అంతకు మించి ఎవరూ హామీ ఇవ్వలేరు.

మీ ఫైలును భద్రంగా ఉంచుకోండి

ఇంటి పట్టా కాగితాలను ఎంత భద్రంగా పెట్టుకుంటారో, ఆసుపత్రి ఫైలును కూడా అంత భద్రంగా పెట్టుకోవాలి. అందులో ఉండవలసినవి: బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ వివరాలు, ఏయే కీమో మందులు ఎన్నిసార్లు ఇచ్చారు, రేడియేషన్ ఎక్కడ ఎంత ఇచ్చారు, డిశ్చార్జ్ కాగితం, స్కానింగ్ ఫిల్ములు, ప్రస్తుతం వాడుతున్న మాత్రల చీటీ. వీటిని సెల్‌ఫోన్‌లో ఫోటోలు తీసి కొడుకు దగ్గరో, కూతురి దగ్గరో కూడా ఉంచండి. వేలూరులో వైద్యం చేయించుకున్నవారికి అర్ధరాత్రి మదనపల్లెలో ఆయాసం వస్తే, ఇక్కడి డాక్టరుకు ఆ ఫైలే దారి చూపిస్తుంది.

పరీక్షలకు ఎప్పుడు వెళ్ళాలి?

మీ డాక్టరు ఇచ్చిన తేదీలే మీకు ప్రమాణం. సాధారణంగా ఇలా ఉంటుంది:

రొమ్ము క్యాన్సర్: మొదటి మూడు సంవత్సరాలు 3 నుండి 6 నెలలకు ఒకసారి డాక్టరు పరీక్ష, తర్వాతి రెండు సంవత్సరాలు 6 నుండి 12 నెలలకు ఒకసారి, ఆపైన ఏడాదికి ఒకసారి. మామోగ్రామ్ ఏడాదికి ఒకసారి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: మొదటి రెండు సంవత్సరాలు 3 నుండి 6 నెలలకు ఒకసారి, ఐదు సంవత్సరాలవరకు 6 నుండి 12 నెలలకు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి.

నోరు, గొంతు క్యాన్సర్: మొదటి ఏడాది 1 నుండి 3 నెలలకు ఒకసారి, తర్వాత నెమ్మదిగా వ్యవధి పెరుగుతుంది. మెడకు రేడియేషన్ తీసుకున్నవారు 6 నుండి 12 నెలలకు ఒకసారి థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోవాలి. రేడియేషన్ తర్వాత థైరాయిడ్ మందగించడం మామూలే. నీరసం, చలి, బరువు పెరగడం ఉంటే అది క్యాన్సర్ కాకపోవచ్చు, థైరాయిడ్ కావచ్చు.

పెద్దప్రేగు క్యాన్సర్: డాక్టరు పరీక్షతోపాటు సీఈఏ అనే రక్తపరీక్ష, ఆపరేషన్ అయిన సుమారు ఏడాదికి కొలనోస్కోపీ.

"ఏ బాధా లేదు, ఎందుకు వెళ్ళాలి?" అని కొందరు మానేస్తారు. మరికొందరు ఎదురుగా "బాగానే ఉన్నారు, స్కానింగ్ అవసరం లేదు" అని డాక్టరు చెప్పినా వినకుండా, అప్పు చేసి పెద్ద స్కానింగులు చేయించుకుంటారు. రెండూ సరికాదు. ఉదాహరణకు, ఏ లక్షణమూ లేని రొమ్ము క్యాన్సర్ రోగులకు తరచుగా పెట్ స్కాన్ చేసినందువల్ల ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు. డబ్బు పోతుంది, లేనిపోని అనుమానాలు మొదలవుతాయి. అవసరమైన పరీక్ష మానకూడదు, అనవసరమైన పరీక్ష కోరకూడదు.

క్రమమైన పరీక్షవల్ల ఏమి లాభమో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. హిందీ చిత్రరంగానికి చెందిన రచయిత్రి, దర్శకురాలు తాహిరా కశ్యప్‌కు 2018లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చికిత్స తీసుకుని తిరిగి పనిలో పడ్డారు. ఏడేళ్ళ తర్వాత, 2025 ఏప్రిల్‌లో, అది తిరిగి వచ్చిందని ఆమే స్వయంగా అందరికీ తెలియజేస్తూ, క్రమం తప్పక పరీక్షలు చేయించుకోవాలని మిగతా స్త్రీలను కోరారు. మన తెలుగు నటి గౌతమి కూడా 35 ఏళ్ళ వయసులో రొమ్ము క్యాన్సర్‌ను ఎదుర్కొని, కోలుకుని, ఆ తర్వాత ఇతర రోగులకు ధైర్యం చెప్పే పనిని చేపట్టారు. దాచుకోకుండా మాట్లాడిన ఇలాంటివారివల్ల ఎందరికో మేలు జరిగింది.

ప్రయాణం ఖర్చుల గురించి

కుప్పం నుండి రైలులో ఇటు కాట్పాడి మీదుగా వేలూరుకు, అటు బెంగళూరుకు వెళ్ళవచ్చు. క్యాన్సర్ రోగులకు చికిత్సకే కాక, తర్వాతి పరీక్షలకు వెళ్ళేటప్పుడు కూడా రైల్వేవారు టికెట్‌లో రాయితీ ఇస్తారు. స్లీపర్, థర్డ్ ఏసీలలో రోగికి పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం. మీ ఆసుపత్రి నుండి నిర్ణీత ఫారంపై సర్టిఫికెట్ తీసుకుని స్టేషన్ కౌంటర్లో చూపించాలి. మదనపల్లె, పుంగనూరువారు పలమనేరు, చిత్తూరు మీదుగా బస్సులో వేలూరు వెళ్తుంటారు. తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారంతో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022లో ప్రారంభమైంది. బెంగళూరులోని కిద్వాయ్ సంస్థ 1973 నుండి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో మీ వ్యాధికి ఏమేమి వర్తిస్తుందో ఆసుపత్రిలోని పథకం కౌంటర్లో అడిగి తెలుసుకోండి. డబ్బు లేదని పరీక్ష మానేముందు ఒక్కసారి అడగండి.

రెండు వారాల నియమం

కోలుకున్నవారికి ప్రతి నొప్పీ క్యాన్సర్‌లాగే అనిపిస్తుంది. టమాటా బుట్టలు ఎత్తితే నడుము నొప్పి అందరికీ వస్తుంది. జలుబు చేస్తే దగ్గు వస్తుంది. కాబట్టి ఈ నియమాన్ని గుర్తుంచుకోండి: కొత్తగా వచ్చిన బాధ రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా రోజురోజుకూ పెరుగుతుంటే, తర్వాతి తేదీ కోసం ఆగకుండా డాక్టరుకు చూపించండి. ముఖ్యంగా ఇవి గమనించండి:

• ఆపరేషన్ మచ్చ దగ్గర, చంకలో, మెడలో కొత్త గడ్డ
• రాత్రిపూట కూడా వదలని ఎముక నొప్పి, వెన్ను నొప్పి
• తగ్గని దగ్గు, ఆయాసం
• కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి మందగించడం
• నోటిలో మానని పుండు, మింగడంలో ఇబ్బంది, గొంతు బొంగురుపోవడం
• ముట్లు ఆగిపోయాక రక్తస్రావం, మలమూత్రాలలో రక్తం
• కళ్ళు పచ్చబడటం, కడుపు ఉబ్బడం

వాంతులతో కూడిన తీవ్రమైన తలనొప్పి, మూర్ఛ, ఉన్నట్టుండి కాళ్ళు పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడం వంటివి వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకండి. వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళండి.

ఈ లక్షణాలు ఉన్నంత మాత్రాన క్యాన్సర్ తిరిగి వచ్చినట్టు కాదు. ఉదాహరణకు, పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకున్నవారికి కొన్ని నెలల తర్వాత మలంలో రక్తం పడవచ్చు. అది రేడియేషన్ ప్రభావమే కావచ్చు. ఏది ఏమిటో తేల్చవలసింది డాక్టరు.

ఏమి తినాలి?

దీనిమీదే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. ఖరీదైన డబ్బాల పొడులు అవసరం లేదు. మన ఊరి భోజనమే మంచి భోజనం. రాగి సంగటి, కందిపప్పు, అలసందలు, ఉలవలు, అనపగింజలు, ఆకుకూరలు, గుడ్డు, చేప, పెరుగు, మజ్జిగ, కాలానికి దొరికే పండ్లు. ప్రతి పూటా కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండేలా చూసుకోండి. ప్రతి పూటా పప్పో, గుడ్డో, గింజలో ఏదో ఒకటి ఉండాలి. చికిత్సలో కరిగిన కండ మళ్ళీ పట్టడానికి మాంసకృత్తులు కావాలి. చక్కెర, నూనెలో వేయించినవి, పచ్చళ్ళలో ఉప్పు తగ్గించండి. పుంగనూరు ఆవు పాలైనా, ప్యాకెట్ పాలైనా కాచి తాగండి.

మదనపల్లె టమాటా గురించి కూడా ఒక మాట. పప్పులో, చారులో టమాటా మంచిదే. కానీ ఏ ఒక్క కూరగాయా, ఏ ఒక్క పండూ క్యాన్సర్‌ను ఆపలేదు. అలాగే "చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుంది" అని అన్నం, పండ్లు కూడా మానేసి చిక్కిపోయేవారు ఉన్నారు. అది తప్పు. చక్కెర తగ్గించడం ఒంటికి మంచిది, పస్తులుండటం మంచిది కాదు. మరోవైపు రొమ్ము క్యాన్సర్ తర్వాత బరువు బాగా పెరగడం కూడా మంచిది కాదు. నెలకు ఒకసారి బరువు చూసుకుని పుస్తకంలో రాసుకోండి.

నోటికి రేడియేషన్ తీసుకున్నవారికి నోరు ఎండిపోతుంది, కారం మండుతుంది. మెత్తగా ఉడికించిన సంగటిని పలుచని పప్పుచారుతో, మజ్జిగతో తీసుకోండి. నీళ్ళ సీసా పక్కనే పెట్టుకుని గుక్క గుక్కగా తాగండి. ముఖ్యమైన హెచ్చరిక: దవడకు రేడియేషన్ తీసుకున్నవారు పళ్ళ డాక్టరుకు ఆ సంగతి చెప్పకుండా పన్ను పీకించుకోకూడదు. ఆ ఎముక మానక పుండు పడే ప్రమాదం ఉంది.

నడక ఒక మందు

"జబ్బు మనిషి, పని చెప్పకండి" అని కోలుకున్నవారిని మంచంమీదే కూర్చోబెడతాం. ప్రేమతోనే చేస్తాం, కానీ దానివల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. 2025లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఈ విషయాన్ని తేల్చింది. కెనడా, ఆస్ట్రేలియా తదితర దేశాలలో ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మంది పెద్దప్రేగు క్యాన్సర్ రోగులను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు ఆరోగ్య సలహాల పుస్తకం ఇచ్చారు. రెండవ గుంపుకు మూడేళ్ళపాటు శిక్షకుల సహాయంతో వ్యాయామం చేయించారు. ఐదేళ్ళ తర్వాత చూస్తే వ్యాధి లేకుండా ఉన్నవారు మొదటి గుంపులో సుమారు 74 శాతం, వ్యాయామం చేసిన గుంపులో 80 శాతం. చాలామంది చేసింది వేగంగా నడవడమే.

వారానికి మొత్తం 150 నిమిషాలు, అంటే వారానికి ఐదు రోజులు రోజుకు అరగంట నడవండి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉంటే చాలు. మొదటి వారం పది నిమిషాలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. చికిత్స తర్వాతి అలసట కూడా నడకతోనే తగ్గుతుంది. గుండె జబ్బు, ఎముకలకు పాకిన క్యాన్సర్ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

చికిత్స మిగిల్చిపోయే ఇబ్బందులు

చేయి వాపు: చంకలోని గ్రంథులు తీసినవారికి ఆ చేయి వాచవచ్చు. నేర్పించిన వ్యాయామాలు మానకండి. కలుపు తీసేటప్పుడు, పొయ్యి దగ్గర చేతికి గాయాలు, కాలిన బొబ్బలు కాకుండా చూసుకోండి. ఆ చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి రండి.

కాళ్ళు మొద్దుబారడం: కొన్ని కీమో మందులవల్ల అరికాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. చెప్పులు లేకుండా పొలంలోకి వెళ్ళకండి. రాత్రి పాదాలను చూసుకోండి.

ఎముకలు, గుండె: కొన్ని మాత్రలవల్ల ఎముకలు పలుచబడతాయి, కొన్ని కీమో మందులవల్ల గుండె బలహీనపడవచ్చు. ఆయాసం, కాళ్ళ వాపు కనిపిస్తే చెప్పండి.

దాంపత్యం: గర్భాశయ ముఖద్వారానికి రేడియేషన్ తీసుకున్న స్త్రీలకు యోని ఎండిపోవడం, ఇరుకు కావడం ఉంటుంది. సిగ్గుపడి మౌనంగా బాధపడవద్దు. దీనికి సులభమైన ఉపాయాలున్నాయి. నర్సమ్మను ఏకాంతంగా అడగండి.

మానవలసినవి, మానకూడనివి

పొగాకు, బీడీ, గుట్కా, వక్క పూర్తిగా మానాలి. పొగాకు లేకుండా వక్క మాత్రమే నమిలినా క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వెల్లడించింది. తాంబూలం మన ఆచారమే, కానీ నోటి క్యాన్సర్ నుండి కోలుకున్నవారికి అది విషం. మద్యం కూడా అంతే.

మానకూడనివి డాక్టరు ఇచ్చిన మాత్రలు. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వంటి మాత్రలను 5 సంవత్సరాలు, కొందరికి 10 సంవత్సరాలు వాడాలి. "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని మధ్యలో ఆపితే వ్యాధి తిరిగివచ్చే ప్రమాదం పెరుగుతుంది. మాత్రలవల్ల ఒళ్ళు ఆవిర్లు, కీళ్ళ నొప్పులు ఉంటే డాక్టరుకు చెప్పండి, మార్గం చూపిస్తారు. మీరే ఆపకండి.

పసర్లు, భస్మాలు, "వందకు వంద గ్యారంటీ" అనే మందులవారు రోగి భయాన్నే పెట్టుబడిగా చేసుకుంటారు. ఏ నాటుమందు వాడాలనుకున్నా ముందు మీ డాక్టరుకు చూపించండి. అలాగే సంఘస్తులకు ఒక మనవి. ప్రార్థన మనసుకు బలాన్నిస్తుంది. అయితే "స్వస్థత కలిగింది, ఇక మందులు ఎందుకు, పరీక్షలు ఎందుకు" అని ఎవరికీ సలహా ఇవ్వకండి. 1911లో మదనపల్లెలో స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచిన మిషనరీ వైద్యురాలు లూయిసా హార్ట్ కూడా, వేలూరులో 1900లో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టిన ఐడా స్కడ్డర్ కూడా ప్రార్థనను, మందును వేరు చేసి చూడలేదు.

భయంతో ఎలా జీవించాలి?

భయం పూర్తిగా పోవాలని ఆశించకండి. పరీక్ష తేదీ దగ్గరపడే కొద్దీ నిద్ర పట్టకపోవడం, కోపం రావడం అందరికీ ఉంటుంది. ఎవరికైనా అదే క్యాన్సర్‌తో మరణం సంభవించిందని వింటే గుండె దడదడలాడుతుంది. ఇది పిరికితనం కాదు, విశ్వాసలోపమూ కాదు. కాలం గడిచేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. ఈ కొద్ది ఉపాయాలు సహాయపడతాయి:

1. భయాన్ని ఒక్కరితోనైనా పంచుకోండి. భార్యో, భర్తో, అక్కో, స్నేహితుడో ఎవరైనా సరే.
2. డాక్టరును అడగవలసిన ప్రశ్నలను కాగితంమీద రాసి తీసుకెళ్ళండి. వినడానికి తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి.
3. పరీక్షకూ ఫలితానికీ మధ్య ఉన్న రోజుల్లో ఖాళీగా కూర్చోకండి. చేతులకు పని పెట్టండి.
4. ఫోన్‌లో వచ్చే ప్రతి సలహానూ చదవకండి, నలుగురికీ పంపకండి.
5. కోలుకున్న మరొకరితో మాట్లాడండి. ఆ దారిలో నడిచినవారి మాటకు ఉన్న బలం వేరు.

వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బ్రతకాలని లేదనిపించినా ఆలస్యం చేయకండి. మనోవ్యాధికి కూడా మందు ఉంది. టెలి మానస్ వారి 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఒకవేళ తిరిగి వస్తే?

ఈ మాట రాయకుండా ఈ వ్యాసాన్ని ముగించలేము. కొంతమందికి వ్యాధి తిరిగి వస్తుంది. ఆ కబురు విన్న రోజున మొదటిసారికంటే ఎక్కువ బాధ కలుగుతుంది. ఆ రోజు ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకండి. పొలం అమ్మకానికి పెట్టకండి, వైద్యం వద్దని తీర్మానించకండి. కొద్ది రోజుల తర్వాత కుటుంబంతో కలిసి కూర్చుని డాక్టరును ఈ ప్రశ్నలు అడగండి: ఇది ఎక్కడ వచ్చింది? మళ్ళీ బయాప్సీ అవసరమా? ఈ వైద్యం నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా, బాధ తగ్గించడానికా? ఎంత కాలం, ఎంత ఖర్చు, ఎలాంటి ఇబ్బందులు?

కొన్నిసార్లు మళ్ళీ ఆపరేషన్‌తోనో, రేడియేషన్‌తోనో నయం చేయవచ్చు. దూరపు అవయవాలకు పాకినప్పుడు చాలావరకు పూర్తిగా నయం కాదు. కానీ షుగరు, బీపీలాగా మందులతో అదుపులో పెట్టుకుని సంవత్సరాలు జీవించేవారు ఉన్నారు. వైద్యంవల్ల లాభంకన్నా బాధే ఎక్కువైనప్పుడు, ఉపశమన వైద్యం ఉంటుంది. "ఇక ఏమీ చేయలేము" అన్న మాట నిజం కాదు. నొప్పి తగ్గించవచ్చు, ఆయాసం తగ్గించవచ్చు, పుండ్లు శుభ్రం చేయవచ్చు, నిద్ర పట్టించవచ్చు. నోటితో తీసుకునే మార్ఫిన్ మాత్రలు క్యాన్సర్ నొప్పికి మంచి మందు. డాక్టరు చెప్పినట్టు వాడితే వ్యసనం అవుతుందని భయపడనక్కరలేదు. ఈ మందు రోగులకు సులభంగా అందేలా 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. నొప్పితో అల్లాడుతూ ఉండవలసిన అవసరం ఎవరికీ లేదు.

రోగి దగ్గర నిజం దాచవద్దు. చాలా ఇళ్ళలో "అవ్వకు చెప్పకండి, తట్టుకోలేదు" అని కొడుకులు డాక్టరును బతిమాలుతారు. కానీ అవ్వకు తెలియకుండా ఉంటుందా? అందరి ముఖాలు చూసి ఆమె ముందే గ్రహిస్తుంది. తెలిసిన విషయాన్ని ఎవరితోనూ చెప్పుకోలేక ఒంటరిగా మోస్తుంది. ఎంత తెలుసుకోవాలని ఉందో ఆమెనే అడగండి. అడిగినంత చెప్పండి, అబద్ధం మాత్రం చెప్పకండి. కలవాలనుకున్నవారిని కలవడానికి, ఆస్తి కాగితాలు సరిచేసుకోవడానికి, మనసులో మాట చెప్పుకోవడానికి ఆమెకు సమయం దొరుకుతుంది.

బంధువులకు, ఇరుగుపొరుగువారికి

"మా ఊళ్ళో ఒకామెకు కూడా ఇదే వచ్చింది, పాపం ఆర్నెల్లలో పోయింది" అనే మాటలు రోగి ముందు అనకండి. "అబ్బా, ఎంత చిక్కిపోయావమ్మా" అని కన్నీళ్ళు పెట్టకండి. దానికి బదులు, "పరీక్షకు ఎప్పుడు వెళ్ళాలి? నేను తోడు వస్తాను" అనండి. పరీక్షకు వెళ్ళిన రోజు పిల్లలకు భోజనం పెట్టండి, ఆవులకు మేత వేయండి. పెళ్ళికి, పండుగకు మునుపటిలాగే పిలవండి. తల్లికి క్యాన్సర్ వచ్చిందని కూతురి పెళ్ళి సంబంధం తప్పించుకోకండి. ఎక్కువ క్యాన్సర్లు వంశపారంపర్యంగా వచ్చేవి కావు. ఒకే కుటుంబంలో చాలామందికి, చిన్న వయసులో వచ్చినప్పుడు మాత్రం డాక్టరు సలహా తీసుకోవడం మంచిది.

ఈ వారంలోనే చేయండి

ఈ పత్రిక మీ చేతికి అందిన వారంలోనే మూడు పనులు చేయండి. మీ తర్వాతి పరీక్ష తేదీని క్యాలెండరులో పెద్ద అక్షరాలతో గుర్తు పెట్టండి. చెల్లాచెదురుగా ఉన్న రిపోర్టులన్నీ ఒక ఫైలులో సర్దండి. రేపు ఉదయం ఎండ ముదరకముందే, ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని, పది నిమిషాలు నడవండి. తేదీ దాటిపోయి, భయంతో వెళ్ళకుండా ఉన్నవారెవరైనా మీ వీధిలో ఉంటే, ఈ కాగితాన్ని వారికి చదివి వినిపించండి. ఆలస్యంగా వచ్చినందుకు మందలించడానికి కాదు, చూసి వైద్యం చేయడానికే ఆసుపత్రి ఉన్నది. రండి.